పాత పికప్‌కు వెనక కిటికీ మార్చాలనుకుంటే: ఏ క్యాబిన్‌కు ఏ దారి

పాత షెవ్రొలె పికప్‌ల లోకంలో క్యాబిన్‌ను కిటికీల లెక్కతో పిలుస్తారు. ఒకటి మూడు కిటికీలది, ఇంకొకటి ఐదు కిటికీలది. ముందు అద్దాన్ని ఈ లెక్కలో చేర్చరు. రెండు తలుపుల గాజులు, వెనక గోడలో ఒకటి కలిపితే మూడు. తలుపుల వెనక, క్యాబిన్ మూలల్లో వంపు తిరిగిన గాజులు మరో రెండు ఉంటే ఐదు. 1947 వేసవిలో షెవ్రొలె, దాని సోదర సంస్థ జీఎంసీ తెచ్చిన అడ్వాన్స్ డిజైన్ ట్రక్కుల్లో మూడు కిటికీలది మామూలు క్యాబిన్. ఐదు కిటికీలది అదనపు సొమ్ము కడితే వచ్చే డీలక్స్. ఆ తరం 1955 తొలి నెలల దాకా నడిచింది. అవి పొలం పనికి, సరుకు మోతకు కొన్న బండ్లు. మూలన గాజు కోసం డబ్బు పెట్టాలన్న ఆలోచన వాటి యజమానుల్లో చాలామందికి వచ్చి ఉండదు. ఇప్పుడు వాటిని ముద్దు కోసం కొనేవాళ్లు మాత్రం ఐదు కిటికీలదే అడుగుతున్నారు. దొరికిన మూడు కిటికీల బండిని ఐదు చేయవచ్చా అన్న ప్రశ్న అందుకే మళ్లీ మళ్లీ వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు సంగతులు తేలితే వెనక కిటికీ ఎంపిక దాదాపు తేలినట్టే. పెట్టబోయే గాజు రేపు పగిలితే ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది? కోసి అతికిన గీత బండి మీద ఎక్కడ పడుతుంది? మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ కిటికీ ఎంత అందంగా ఉన్నా వద్దు. గీత కంటి ఎత్తులో, నున్నటి రేకు మధ్యలో పడుతుంటే, ఆ పని చేసే మనిషి ఇదివరకు చేసిన బండిని పగటి వెలుతురులో చూడకుండా బయానా ఇవ్వకండి.

గాజు పెట్టే షరతులు

ముందు అద్దానికి వాడేది లామినేటెడ్ గాజు. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ఊడిపడదు. వెనక కిటికీకి సాధారణంగా టెంపర్డ్ గాజు వాడతారు. బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చడం వల్ల దానికి బలం వస్తుంది, పగిలితే మొద్దుబారిన చిన్న పలుకులుగా రాలుతుంది. టెంపర్ చేసిన తరువాత దాన్ని కోయలేం, అంచు అరగదీయలేం. ప్రయత్నిస్తే పలక మొత్తం పలుకులైపోతుంది. అందువల్ల రేకు పని పూర్తయి, ప్రైమర్ పడి, ఖాళీ కొలత ఖాయమయ్యాకే టెంపర్డ్ గాజుకు ఆర్డరు ఇవ్వాలి. చదునైన లామినేటెడ్ గాజు ఇంతకంటే మన మాట వింటుంది. అట్ట మీదో పలచని చెక్క మీదో ఆకారం గీసి ఇస్తే ఊళ్లో ఉన్న గాజు దుకాణంలోనే కోసి ఇస్తారు.

వంపు గాజు కథ పూర్తిగా వేరు. దానికి మూస కావాలి, కొలిమి కావాలి. ఒక్క బండి కోసం చేయించుకోబోతే ఆ ఖర్చుకు ఇంకో బండి వస్తుంది. కాబట్టి ఒక మోడల్‌కు ఫ్యాక్టరీ వంపు గాజు ఉండి, ఇప్పటికీ కొత్తగా తయారు చేసి అమ్ముతుంటే అది తీసుకోండి. లేకపోతే మీ ఆకారం ఏదైనా సరే, గాజు చదునుగా ఉండాలి. ఎవరూ గుర్తుంచుకోని కారు నుంచి ఊడదీసిన వంపు అద్దాన్ని తెచ్చి, దాని చుట్టూ క్యాబిన్ వెనక గోడ కట్టడం చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. పక్క నుంచి వెళ్లే లారీ చక్రం కింద నుంచి ఎగిరిన గులకరాయి ముందు అద్దానికే తగలాలన్న నియమం ఏమీ లేదు కదా.

అమెరికాలో బండి గాజుకు ఫెడరల్ భద్రతా ప్రమాణం 205 వర్తిస్తుంది. గాజు మూలన ముద్ర ఉంటుంది. ఏఎస్-1 అని ఉన్నది ముందు అద్దానికి పనికి వస్తుంది. ఏఎస్-2 ముందు అద్దానికి పనికిరాదు కానీ వెలుతురును కనీసం 70 శాతం లోపలికి రానిస్తుంది. పికప్‌లో డ్రైవరు వెనక భాగానికి ఇంకా ముదురు రంగు ఏఎస్-3 కూడా పెట్టుకోవచ్చు. దుకాణంలో కోయించుకున్న గాజుకు ఆ ముద్ర వేయించుకోవడం మరవద్దు. బండి తనిఖీ ఉన్న చోట అదే మీ సాక్ష్యం. గాజు బదులు యాక్రిలిక్ పలక పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు దాన్ని దుమ్ము గుడ్డతో రెండుసార్లు తుడిచి చూసినట్టు లేరు. అది గీతలు పడి మసకబారుతుంది.

మూడు నుంచి ఐదుకు

అడ్వాన్స్ డిజైన్ బండ్లకు మూల కిటికీలు అలంకారం మాత్రమే అనుకోకండి. మూడు కిటికీల క్యాబిన్‌లో డ్రైవరు భుజం వెనక రేకు గోడ అడ్డం వస్తుంది. ఏటవాలుగా కలిసే రోడ్ల దగ్గర, హైవే మీదికి ఎక్కేటప్పుడు, పక్క వరుసలో వచ్చే కారు సరిగ్గా ఆ గోడ వెనకే దాక్కుంటుంది. మూల గాజు ఆ గుడ్డి చోటును బాగా తగ్గిస్తుంది. క్యాబిన్ లోపలికి వెలుతురు వస్తుంది, ఇరుకుగా కూర్చున్నామన్న భావం పోతుంది. టెక్సస్ లాంటి చోట వెలుతురుతో పాటు ఎండ కూడా వస్తుంది, ఏసీ లేకపోతే మెడ వెనక భాగం ఆ సంగతి చెబుతుంది.

ఇక్కడ మూడు దారులున్నాయి, మూడూ సమానమైనవి కావు.

అందరికీ ముందుగా తట్టేది అతుకు. ఐదు కిటికీల పాత క్యాబిన్ నుంచి మూలల పైభాగం కోసి తెచ్చి, మీ క్యాబిన్‌లో అంతే మేర కోసి వెల్డ్ చేయడం. వినడానికి సూటిగానే ఉంది. ఆ మూలలో బయటి రేకు ఒక్కటే ఉండదు, దాని వెనక లోపలి రేకు, బలానికి మడిచిన అంచులు ఉంటాయి. బయటి తొక్క మాత్రమే తెచ్చి అతికితే గాజు కూర్చునే అంచు ఊగుతుంది. రెండు పొరలూ కలిపి తేవాలి. అతుకు గీత పైకప్పు వంపులోకీ వెనక గోడలోకీ వెళుతుంది. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఒక్క చోట వేడి ఎక్కువైతే అప్పడంలా లేస్తుంది. లేచిన రేకును లప్పంతో కప్పిన బండి కొత్తలో మెరుస్తుంది, రెండు వేసవులు గడిచాక గీత గీతగా బయటపడుతుంది.

రెండో దారి గురించి తక్కువ మంది ఆలోచిస్తారు, నాకు ఎక్కువ నచ్చేది అదే. ఈ బండ్ల క్యాబిన్లకు తుప్పు కింది నుంచి పడుతుంది. అడుగు రేకు, తలుపు కింది పట్టీ, వెనక కింది మూలలు ముందు పోతాయి. కిటికీల చుట్టూ ఉన్న పైభాగం చాలా బండ్లలో గట్టిగానే ఉంటుంది. అలాంటి ఐదు కిటికీల క్యాబిన్‌ను చూసి కొనేవాళ్లు పెదవి విరుస్తారు, ధర దిగుతుంది. కానీ ఆ కుళ్లిన కింది భాగాలన్నీ కొత్తగా అచ్చువేసిన రేకు ముక్కలుగా దొరుకుతాయి. వాటి అతుకులు మడత అంచుల దగ్గర, బండి కింద, కాళ్ల దగ్గర పడతాయి. వెల్డింగ్‌లో చిన్న వంకర ఉన్నా ఎవరి కంటా పడదు. మంచి మూడు కిటికీల క్యాబిన్‌ను కంటి ఎత్తులో కోసే బదులు, కుళ్లిన ఐదు కిటికీల క్యాబిన్‌ను కింది నుంచి బాగు చేసి మీ చాసిస్ మీద పెట్టడం మామూలు పనివాడికి కూడా అందే పని. పైగా మీ మూడు కిటికీల క్యాబిన్ ముక్కలు కాకుండా మిగులుతుంది, దాన్ని అమ్ముకోవచ్చు. ఈ దారిలో ఒక చట్టపు ముడి ఉంది, దాని సంగతి చివర్లో.

మూడోది ఉన్నదాన్ని ఉంచుకోవడం. క్యాబిన్ అసలు రేకుతో, ఎప్పుడూ కోత పడకుండా మీ చేతికి వచ్చిందంటే దాన్ని కోయమని నేను చెప్పను. కొత్త రబ్బరు, లేత రంగు గాజు, కుడి వైపు కూడా ఒక బయటి అద్దం పెట్టండి. ఆ కాలపు పికప్‌లు చాలావరకు డ్రైవరు వైపు ఒక్క అద్దంతోనే వచ్చాయి. గుడ్డి చోటు బాధ సగం ఈ రెండో అద్దంతో తీరుతుంది, ఖర్చు ఒక పూట భోజనానికి కాస్త ఎక్కువ.

మూలల దాకా తిరిగిన గాజు

1955 మార్చిలో వచ్చిన టాస్క్ ఫోర్స్ తరంతో ఆలోచన మారింది. ముందు అద్దం రెండు పక్కలకూ చుట్టుకుంది, మూల కిటికీలు పోయాయి. వాటి బదులు వెనక గోడలోని కిటికీనే మూలల దాకా సాగదీసి, వంపు తిరిగిన ఒకే పెద్ద గాజుగా అదనపు ధరకు ఇచ్చారు. 1959 దాకా ఇదే పద్ధతి. షోకు బండిగా అమ్మిన కామియో క్యారియర్‌కు ఆ పెద్ద కిటికీ ఉండేది. మామూలు బండికి వెనక గోడ మధ్యలో చిన్న కిటికీ.

ఈ తరంలో చిన్నదాన్ని పెద్దది చేయడం మూల కిటికీల అతుకు కంటే కష్టం. ఖాళీ వెనక గోడలో ఆగదు, రెండు పక్కలకూ తిరిగి తలుపు స్తంభం దిశగా వెళుతుంది. పైకప్పు వెనక అంచును మోసే మూలలను తీసేసి వాటి చోట సన్నటి స్తంభాలు పెడుతున్నారన్న మాట. దాత క్యాబిన్ నుంచి, అంటే ముక్కల కోసం కోసే పాత క్యాబిన్ నుంచి, కిటికీ చుట్టూ ఉన్న భాగమంతా ఒకే ముక్కగా తీసుకోవాలి. ముక్కలు ముక్కలుగా తెస్తే వంపు గాజు కూర్చోదు. వంపు గాజుకు సర్దుబాటు బుద్ధి ఉండదు, ఖాళీ ఒక మూలన కొద్దిగా మెలితిరిగినా నొక్కినప్పుడు పగులుతుంది, లేదా మొదటి గతుకులో పగులుతుంది. ఈ గాజు కొత్తది దొరుకుతుంది కాబట్టి నా మొదటి ప్రశ్న దాటుతుంది. రెండో ప్రశ్న దగ్గర చాలామందిని ఆపుతాను. పెద్ద కిటికీ మీద మోజు ఉంటే ఆ కిటికీతోనే పుట్టిన క్యాబిన్‌ను వెతకండి, ధర ఎక్కువైనా సరే. ఆ అదనపు ధర అతుకు పనికయ్యే కూలి కంటే తక్కువే ఉండే అవకాశం ఎక్కువ.

ఫోర్డ్ అభిమానులకు ఈ కథ 1956లో ఉంది. ఎఫ్-100 పికప్‌కు చుట్టుకున్న ముందు అద్దం, నిటారు ముందు స్తంభాలు ఉన్న ఆ క్యాబిన్ ఆ ఒక్క సంవత్సరానిదే. పెద్ద వెనక కిటికీ అందులో అదనపు ఎంపిక. 1953 నుంచి 1955 దాకా వచ్చిన క్యాబిన్లకు ఆ పెద్ద కిటికీ అతికినవాళ్లున్నారు. పని బాగుంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ మంచి 1956 పెద్ద కిటికీ క్యాబిన్‌ను దాత చేయడానికి చేయి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

పెద్ద కిటికీకి రాత్రిపూట ఒక వెల ఉంది. ఇప్పటి ఎత్తైన ఎస్‌యూవీల దీపాలు సరిగ్గా మీ వెనక గాజు ఎత్తులో ఉంటాయి. క్యాబిన్ అంతా వెలిగిపోతుంది. లేత రంగు గాజు కొంత ఆదుకుంటుంది.

1967లో చిన్నది

షెవ్రొలె సీ-10 పికప్ కొత్త రూపం 1967లో వచ్చినప్పుడు వెనక కిటికీ మామూలుగా చిన్నది, పెద్దది అదనం. 1968 నుంచి చిన్నదాన్ని మానేశారు. ఒక్క సంవత్సరమే వచ్చింది కాబట్టి చిన్న కిటికీకి ఇప్పుడు ప్రత్యేక గిరాకీ. 1970 బండికి చిన్న కిటికీ గోడ పెట్టేవాళ్లు కొందరైతే, 1967 బండిలో చిన్నదాన్ని తీసి పెద్దది పెట్టేవాళ్లు మరికొందరు. రెండో రకం వాళ్లకు నా విన్నపం: ముందు మీ క్యాబిన్‌ను అమ్మకానికి పెట్టి చూడండి, పెద్ద కిటికీ బండి, పైన కొంత సొమ్ము కూడా రావచ్చు.

ఈ తరంలో కిటికీ వెనక గోడకే పరిమితం, మూలలు తిరగదు. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డ్‌లను (చుక్కల్లా వేసిన అతుకులను) డ్రిల్లుతో తీసి, వెనక ప్యానెల్‌ను విడదీసి, అదే అంచుల మీద ఇంకొకటి కూర్చోబెట్టవచ్చు. నున్నటి రేకు మధ్యలో గీత పడదు. ఈ వ్యాసంలోని రేకు పనులన్నిటిలో కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ధైర్యంగా చెప్పగలిగేది ఇది.

రేకు జోలికే పోని మార్పు కూడా ఒకటుంది, జరిపే కిటికీ. పెద్ద కిటికీ ఖాళీలో చట్రంతో సహా కూర్చుంటుంది, మధ్య గాజు పక్కకు జరుగుతుంది. ఏసీ లేని బండిలో ముందు త్రికోణపు కిటికీలు తెరిచి దీన్ని కూడా తెరిస్తే గాలి ఆడుతుంది. నిలువు పట్టీలు వెనక చూపును కొంచెం చీలుస్తాయి. చట్రం అడుగున నీరు బయటికి పోయే రంధ్రాలు దుమ్ముతో మూసుకుపోతే వాన నీరు సీటు వెనక్కి దిగుతుంది. ఏడాదికి ఒకసారి సన్న తీగతో శుభ్రం చేస్తే చాలు. రోజూ నడిపే బండికి, డబ్బు లెక్క చూసుకునేవాళ్లకు దీనికంటే మంచి బేరం లేదు.

సొంత ఆకారం

కోడిగుడ్డు ఆకారం, మధ్యలో పట్టీతో రెండుగా చీలిన కిటికీ, సన్నటి అడ్డ చీలిక: గోడ మీ సొంతం, కోసుకోవచ్చు. గాజు చదునుగా ఉంచండి, మూలలను ఉదారంగా గుండ్రం చేయండి. గాజును రేకుకు పట్టి ఉంచే రబ్బరు బీడింగు ఇరుకు మూలలో తిరగలేదు, ముడతపడి అక్కడి నుంచే కారుతుంది. కోసిన అంచును అలాగే వదిలేయకుండా బీడింగు గాడికి సరిపడే మందంలో తిన్నగా ఉంచాలి. సన్నటి చీలిక ఫోటోలో బాగుంటుంది, పార్కింగులో వెనక్కి తీసేటప్పుడు ఉండదు. కిటికీని పూర్తిగా మూసేసిన బండ్లనూ చూశాను, అవి ప్రదర్శనకే సరి. పైకప్పు ఎత్తు తగ్గించే పని కూడా మనసులో ఉంటే కిటికీ నిర్ణయాన్ని దానితో కలిపే తీసుకోండి, ఒకే గోడను రెండుసార్లు కోయడం దండగ.

కోత మొదలుపెట్టే ముందు

1960 నుంచి 1972 దాకా వచ్చిన షెవ్రొలె పికప్‌లలో పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉంటుంది. అంతకుముందు తరాల్లోనూ ఇలాంటివి చాలా ఉన్నాయి. మీరు వెల్డింగ్ చేయబోయే గోడకు, ట్యాంకుకు మధ్య దూరం జానెడు. ఖాళీ ట్యాంకు అని ధైర్యపడకండి, ఆవిరితో నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. దాన్ని ఊడదీసి షెడ్డు బయటికి, వీలైనంత దూరంగా పంపాక మాత్రమే గ్రైండరు ఆన్ చేయండి. బ్యాటరీ తీగలు, సీటు, గోడకు అంటించిన పాత దూది కూడా బయటికే.

కోసే ముందు తలుపు ఖాళీల్లో, క్యాబిన్‌కు అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేసి బిగించాలి. ఇది మానేస్తే వెనక గోడ కోయగానే క్యాబిన్ కొద్దిగా తెరుచుకుంటుంది, అతికిన తరువాత తలుపులు మూసుకోవు. తలుపులు పెట్టి, సందులు చూసుకుని, ఆ తరువాత బిగించడం సరైన వరస. వెల్డింగ్‌ను గీత పొడుగునా లాగకూడదు. ఇక్కడొక చుక్క, అర అడుగు అవతల ఇంకొకటి, మధ్యలో చల్లారనివ్వాలి. టిగ్ వెల్డింగ్ చేయగల మనిషి దొరికితే ఇంకా మేలు, ఆ అతుకు మెత్తగా ఉండి సుత్తి దెబ్బకు సర్దుకుంటుంది.

రబ్బరా, జిగురా

కొత్త కార్లలాగా గాజును యూరిథేన్ జిగురుతో అతికిస్తే అంచు నున్నగా, బయట రబ్బరు కనబడకుండా ఉంటుంది. ఆ అందం నిజమే. పాత పికప్ చాసిస్ మాత్రం గతుకుల్లో మెలితిరుగుతుంది, దానితో పాటు క్యాబిన్ కూడా. రబ్బరు ఆ కదలికను మింగుతుంది, జిగురు దాన్ని గాజుకు అందిస్తుంది. జిగురుకు వెడల్పాటి చదునైన అంచు కావాలి, ఎండ తగలకుండా గాజు చుట్టూ నల్ల పట్టీ కావాలి. పాత బండి అంచులు ఆ పనికి పుట్టినవి కావు. నేను రబ్బరు వైపే.

రబ్బరు బిగించడం ఇద్దరి పని. బీడింగును ముందు గాజు చుట్టూ తొడిగి, రేకు కూర్చునే గాడిలో సన్నటి తాడు చుట్టూ పరిచి, కొసలు రెండూ కింద మధ్యలో లోపలి వైపు వదలాలి. సబ్బు నీళ్లు రాసి, ఒకరు బయట నుంచి అరచేతులతో నొక్కుతూ ఉంటే ఇంకొకరు లోపల నుంచి తాడు లాగాలి. తాడు వస్తున్న కొద్దీ రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కుతుంది. గట్టిగా తోయాల్సి వస్తే ఆపేయండి, కొలత తప్పింది.

కాగితాలు

క్యాబిన్ మొత్తం మార్చే దారిలో ముడి ఇక్కడుంది. ఈ షెవ్రొలెలలో బండి గుర్తింపు పలక డ్రైవరు వైపు తలుపు స్తంభానికి ఉంటుంది. క్యాబిన్ మారితే పలకా మారుతుంది. పాత పలకను ఊడదీసి కొత్త క్యాబిన్‌కు బిగించేద్దామని చేయి ఊరుకోదు. గుర్తింపు సంఖ్యను అనుమతి లేకుండా తీయడం, మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దాత క్యాబిన్‌ను దాని టైటిల్‌తో (యాజమాన్య పత్రంతో), అమ్మిన రసీదుతో కొనండి. పలక ముట్టుకునే ముందే మీ రాష్ట్ర మోటారు వాహనాల కార్యాలయాన్ని అడగండి. బీమా కూడా ముందుగా ఒప్పుకున్న విలువకే రాయించుకుంటారు కాబట్టి, కిటికీ మార్పు సంగతి, దానికైన రసీదులు వాళ్లకు తెలిసి ఉండాలి.

హైదరాబాదులోనో విజయవాడలోనో పాత బండి ఉన్న బంధువు ఈ ముచ్చట విని తానూ కోయిస్తానంటే ఆపండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తాయి, అయితే చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. అక్కడ ఆయనకు కొత్త రబ్బరు, ముద్ర ఉన్న కొత్త గాజు, అదే పాత ఖాళీలో.